నిలబెట్టిన బండి

మా పొన్నూరు వీధిలో పట్టాళం నుంచి తిరిగొచ్చినవాళ్ళం ముగ్గురం ఉన్నాం. ఒకాయన భుజంలో తూటా దిగిన గుంట ఉంది. రెండో ఆయనకు మంచులో రెండు కాలివేళ్ళు పోయాయి. ఆయన చొక్కా విప్పినా, ఈయన చెప్పు విప్పినా టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోతాయి. నేను లుంగీ ఎత్తి పిక్క చూపిస్తే మాత్రం జనం నవ్వుతారు. అరచేయంత కాలిన మచ్చ. మోటారు సైకిలు సైలెన్సరు పుణ్యం. దేశమంతా తిరిగి నేను సంపాదించిన ఏకైక గాయం, మా ఊరి నుంచి రెండు బస్సులు మారితే వచ్చే చోట, పత్తి కుప్ప పక్కన తగిలింది.

నన్ను పట్టాళంలో తీసుకున్నది వంటవాడిగా. ఎనిమిది గట్టెక్కి తొమ్మిదిలో బడికి నమస్కారం పెట్టినవాడికి అంతకంటే ఏం ఇస్తారు. నా పప్పు తిన్నాక మా సుబేదారు గారు గరిటె లాక్కుని బండి తాళం ఇచ్చారు. వంట మానెయ్యడమే నేను దేశానికి చేసిన మొదటి మేలు. అప్పటి నుంచి నేను డీఆర్‌ని, అంటే డిస్పాచ్ రైడర్‌ని. ఆజ్ఞల కాగితాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి బండి మీద మోసేవాణ్ణి. పోస్టుమేన్‌ని చూస్తే జనం ఎదురొస్తారు, నన్ను చూస్తే పక్కకు తప్పుకునేవాళ్ళు. తేడా అంతే.

కొత్త శతాబ్దం మొదలైన కొత్తల్లో, ఓ కార్తీకంలో, వాయుగుండం పట్టి ప్రకాశం జిల్లాలో వాగులు పొంగాయి. మా దళాన్ని పడవలతో పంపారు. దర్శికి ఇవతల, తారు రోడ్డు నీళ్ళలోకి దిగి మాయమైన చోట లారీలు ఆగాయి. తెల్లవారి ఆరున్నర. వాన సన్నగా, అడ్డంగా కొడుతోంది. దిగినచోట నల్లరేగడి. అడుగు తీస్తే కాలు వస్తోంది, బూటు రావడం లేదు. కనుచూపు మేర ఎర్రనీళ్ళు. నీళ్ళ మీద అక్కడక్కడా పత్తి చెట్ల తలలు, వాటికి తడిసి వేలాడుతున్న పత్తి. తోకలు తెగిన గాలిపటాల్లా కరెంటు తీగలు.

ఆజ్ఞ చిన్నది. మెరక మీదున్న పొగాకు బ్యారన్‌లో రేడియో సెట్టు పెట్టాలి. వాగు అవతల పాలెంలో చిక్కినవాళ్ళను పడవలో తేవాలి. చీకటి పడేలోపు అయిపోవాలి.

పడవ మీద హవల్దారు, ఇద్దరు పడవవాళ్ళు. బ్యారన్‌లో సెట్టు దగ్గర ఆపరేటరు, నేను. హవల్దారుది హర్యానా. మంచివాడు, ధైర్యవంతుడు. జోకు చెబితే మాత్రం మర్నాడు నవ్వేవాడు. ఆపరేటరుది కేరళ. అవసరమైతే తప్ప నోరు తెరవడు, సెట్టును చంటిపిల్లను చూసినట్టు చూస్తాడు. నన్ను దాని దరిదాపులకు రానివ్వకూడదని హవల్దారు హుకుం. అంతకుముందు ఒకసారి పై నుంచి "మీ పొజిషన్ ఏమిటి" అని అడిగితే "పడుకుని ఉన్నాం" అని చెప్పాను. పై వాళ్ళు నవ్వలేదు. వాళ్ళు మర్నాడు కూడా నవ్వలేదు.

బ్యారన్ అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. నాలుగు నిలువుల ఎత్తున ఒకే గది. పొగాకు కోతల రోజుల్లో బయట పొయ్యి పెట్టి, లోపలి ఇనప గొట్టాల గుండా వేడి పంపి పచ్చాకు ఎండబెడతారు. ఆకు రావడానికి ఇంకా రెండు నెలలుంది కాబట్టి అప్పుడు దాంట్లో పత్తి పోశారు. గది సగం దాకా పత్తి. కుప్ప ముందు పీట వేసుకుని ఒకావిడ చేటలో పత్తి పోసి ఆకుముక్కలు ఏరుతోంది. యాభై ఏళ్ళుంటాయి. పేరు కోటేశ్వరమ్మ. మగవాళ్ళు గొడ్లను తోలుకుని రోడ్డెక్కారట. ఆవిడ పత్తికి కాపలా ఉండిపోయింది.

మా తుపాకులను చూసి ఆవిడ బెదరలేదు. "బీడీలు కాలుస్తారా మీరు?" అంది.

"కాల్చం పిన్నీ."

"అగ్గిపెట్టె?"

"లేదు."

"జేబులు చూపించండి." చూపించాం. మిలిటరీని సోదా చేసిన మొదటి మనిషి ఆవిడే. "నాలుగిళ్ళ పత్తి నాయనా ఇది. మిగిలింది ఇదే. మిగతాదంతా చేలోనే కుళ్ళింది. పత్తి ఉన్నచోట మేం దీపం కూడా పెట్టం. మా పొయ్యి చూడు, వాకిట్లో వానలో ఉంది."

అగ్గిపుల్ల లేదని చెప్పాం. మోటారు సైకిలు ఉందని చెప్పలేదు.

సెట్టు బ్యాటరీని నింపే ఇంజను లారీ దింపేటప్పుడు బురదలో బోర్లా పడింది. ఇక లేవలేదు. ఆపరేటరు నా బండి వైపు చూశాడు. బండి నుంచి వైరు లాగి బ్యాటరీకి కలిపాడు. "ఐడిల్‌లో పెట్టు. ఆపకు," అన్నాడు. ఆ వారంలో ఆయన మాట్లాడిన పెద్ద ఉపన్యాసం అదే. బయట పెడితే వానకు ప్లగ్గు తడిసి ఆగిపోతోంది. వసారా రేకులు గాలికి లేచిపోయాయి. గత్యంతరం లేక తలుపు దగ్గర, పత్తికి రెండు బారల దూరంలో, బండిని స్టాండు వేసి నిలబెట్టాను. పొగ పోవడానికి తలుపు బార్లా తీశాం.

కోటేశ్వరమ్మ పీట తిప్పుకుని బండికి ఎదురుగా కూర్చుంది. పోట్లగిత్తను చూసినట్టు చూస్తూ ఏరుకుంటోంది.

మధ్యాహ్నానికి పడవ రెండు విడతలుగా జనాన్ని తెచ్చింది. వాళ్ళను అటు నుంచి అటే రోడ్డు మీదికి పంపించాం. బండి మాత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. సైలెన్సరు గొట్టం మొదట నీలం తిరిగింది. తర్వాత వంకాయ రంగు. నాకు కారణం తెలుసు. ఆ బండికి టైమింగు లేటు. సిలిండర్‌లో మండాల్సిన నిప్పు ఆలస్యంగా అంటుకుని గొట్టంలోకొచ్చి మండుతుంది. వర్క్‌షాపులో చెయ్యాల్సిన పని. వర్క్‌షాపు రోడ్డుకు అవతల, రోడ్డు నీళ్ళకు అడుగున.

"ఏందబ్బాయ్, అది రంగులు మారుస్తంది?" అంది ఆవిడ.

"పరిగెత్తే బండికి గాలి తగులుద్ది పిన్నీ, గొట్టం కాలదు. నిలబెడితేనే ఈ తంటా."

"మరి నిలబెట్టడం దేనికి?"

బ్యాటరీ సంగతి చెప్పాను. ఇంకా ఎవరు రావాలని అడిగింది. చేలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు కొందరు, పాలెంలో ఆదిలక్ష్మి అనే ఆమె రెండు విడతల్లోనూ రానందిట, అని పడవవాళ్ళు చెప్పింది చెప్పాను. కోటేశ్వరమ్మ చెయ్యి చేటలో ఆగింది.

"మా తోడికోడలు," అంది. "మాకు మాటల్లేవు."

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పొలం పంచుకున్నారు, బ్యారన్ ఉమ్మడిగా ఉంచుకున్నారు. వంతులవారీగా ఆకు ఎండబెట్టుకోవాలి. మూడేళ్ళ కింద కోటేశ్వరమ్మ వాళ్ళ వంతు సాగింది. రేపు ఖాళీ చేస్తాం, ఎల్లుండి చేస్తాం అన్నారు. బయట ఆదిలక్ష్మి ఆకు నల్లబడిపోయింది. ఆమె వచ్చి ఈ గడప మీద నిలబడి, ఇక చచ్చినా ఇది తొక్కనని ఒట్టు పెట్టుకుంది. అందుకే పడవ బ్యారన్‌కి పోతుందని తెలిసి మొదటి రెండు విడతల్లో ఎక్కలేదు. నీళ్ళు గుమ్మం దాటాక ఎక్కిందని తర్వాత తెలిసింది.

"మూడేళ్ళుగా ఆమె మాట నాకు వినపడతానే ఉంటది. నా మాట ఆమెకు వినపడతది. పాలెంలో మా ఇళ్ళ మధ్య గోడ ఎంతని," అంది కోటేశ్వరమ్మ. "మాట్లాడుకోం, అంతే."

నాలుగున్నరకు మబ్బు కిందికి దిగి బ్యారన్‌లో చీకటి ముసిరింది. అప్పుడు సెట్టులో హవల్దారు గొంతు వచ్చింది. చప్టా దగ్గర వరద పెరిగింది, ఆ దారిన రాలేం, పొలాల మీదుగా వస్తున్నాం, అని. కాసేపటికి మళ్ళీ. ఈసారి గొంతు మారింది.

"నీళ్ళ కింద ఇనప స్తంభాలు, ముళ్ళతీగ. పడవ రబ్బరుది. నీళ్ళు మమ్మల్ని దాని మీదికే నెడుతున్నాయి. దారి ఎటు? ఓవర్."

కోటేశ్వరమ్మకు తెలుగులో చెప్పాను. ఆవిడ లేచి నిలబడింది.

"అది మేం వేసిన కంచె. పోయినేడు. వాళ్ళు ఇటు రాకూడదని."

"సందు లేదా ఎక్కడా?"

"ఉంది. రేకుల షెడ్డు పక్కన మా ఎడ్లబండి తిప్పుకోను వదిలాం. ఆదికి తెలవదు. ఇటు తల తిప్పితేగా."

అదే నిమిషాన ఆపరేటరు చెయ్యి ఊపాడు. బ్యాటరీ దిగిపోతోంది, ఐడిల్ పెంచమని. పెంచాను. గొట్టం మొదట్లో, ఇంజనుకు అతుక్కున్న చోట, ఒక ఎర్రటి చుక్క లేచింది. చూస్తుండగా చుక్క బెత్తెడైంది. బెత్తెడు జానెడైంది. నిప్పు కణిక రంగు. రెండు బారల అవతల నాలుగిళ్ళ పత్తి.

ఇక్కడ నేను తెలివి ఉపయోగించాను. మూల నుంచి ఒక గోతం తీసుకుని, వాన నీళ్ళలో ముంచి, గొట్టం మీద కప్పాను. మా పొన్నూరు వైపు గోతం అంటే వడ్ల గోతం. అది మిరపకాయల గోతమని నాకేం తెలుసు.

బుస్సుమని ఆవిరి లేచింది. ఆ ఆవిరి గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన నన్ను కూడా గోడకు కొట్టింది. ఆపరేటరు కేరళవాడు పాపం. రెండు దగ్గులు దగ్గి, సెట్టు హ్యాండ్‌సెట్టు నా చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని వానలోకి పరిగెత్తాడు. పదేళ్ళ సర్వీసులో సెట్టును వదిలి వెళ్ళడం అదే మొదలు. వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని దగ్గుతున్నాడు, మాట రావడం లేదు.

కోటేశ్వరమ్మ పరుగున వచ్చి గోతం లాగి బయటకు విసిరింది. "మిరప గోతానికీ వడ్ల గోతానికీ తేడా తెలవదా? ఏ ఊరు నీది?"

"పొన్నూరు."

"మాగాణోడివా. అదీ సంగతి."

గొట్టం ఏమీ చల్లబడలేదు. నా చెయ్యి బండి తాళం మీద ఉంది. సెట్టులో హవల్దారు మళ్ళీ దారి అడుగుతున్నాడు.

"ఆపనా పిన్నీ? పత్తి అంటుకుంటే నిమిషం పట్టదు."

"ఆపితే?"

"వాళ్ళ మాట మనకు వినపడుద్ది. మన మాట వాళ్ళకు పోదు."

ఆవిడ పత్తి వైపు చూసింది. తన ఒక్కదాని పత్తయితే అంతసేపు చూసేది కాదేమో. తర్వాత గొట్టం వైపు చూసింది. కొంగు నడుముకు బిగించింది.

"ఆపమాక," అంది. "దానికి గాలేగా కావాల్సింది."

చేట బోర్లించి పత్తి కింద పోసింది. గొట్టానికీ కుప్పకూ మధ్య, కుప్పకు వీపు పెట్టి నిలబడింది. కల్లంలో గాలి లేనినాడు తూర్పారబట్టడానికి ఆడవాళ్ళు చేటతో ఎలా విసురుతారో అలా, రెండు చేతులతో, నడుం నుంచి విసరడం మొదలెట్టింది. గొట్టం మీదుగా తలుపు వైపుకు. బండి నిలబడే ఉంది, గాలి పరిగెడుతోంది. ఎరుపు పెరగడం ఆగింది.

నేను మీట నొక్కాను. సెట్టు ముట్టుకోవద్దన్న హుకుం గుర్తుంది. హుకుం ఇచ్చినాయన ముళ్ళతీగ మీద ఉన్నాడు.

"కంచె పక్కనే రేకుల షెడ్డు వైపు రండి. అక్కడ సందు ఉంది. ఓవర్."

"ఏ షెడ్డు? ఇక్కడ రెండు ఉన్నాయి. ఈమె ఏదో అంటోంది, నువ్వే మాట్లాడు. ఓవర్."

సెట్టులో ఆడగొంతు. గాలి హోరులో కూడా ఖంగున ఉంది. "ఎవరబ్బాయ్ నువ్వు? సందు ఉందని నీకెవరు చెప్పారు?"

"మీ తోడికోడలు గారు."

"అయితే నమ్మను. రేపు ఆకు తీస్తా, ఎల్లుండి తీస్తా అని చెప్పింది కూడా ఆమే. నా ఆకంతా..."

"అమ్మా, మాట అయిపోయాక ఓవర్ అనాలి."

"నాది ఇంకా అయిపోలేదు."

సెట్టు చప్పుడుకు కోటేశ్వరమ్మకు అన్నీ వినపడుతున్నాయి. చేట ఆపకుండా, తల తిప్పకుండా అంది: "చెప్పబ్బాయ్ ఆవిడికి. ఆకు సంగతి ఒడ్డున తేల్చుకుందాం. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ముందు రమ్మను."

మాటల్లేని వాళ్ళ మధ్య మూడో మనిషి మాటలు మొయ్యడం మన ఇళ్ళల్లో కొత్తేం కాదు. పట్టాళంలో దాన్ని రిలే అంటారు. మోశాను. జవాబు వెంటనే వచ్చింది.

"గట్లన్నీ నీళ్ళ కింద ఉన్నయి. ఒట్టు ఎక్కడ పెట్టమంటదో అడుగు. ఓవర్."

నాకు నవ్వు వచ్చింది. కోటేశ్వరమ్మ భుజాలు కదిలాయి, నవ్వో దగ్గో తెలియలేదు. అంతలో చేట లయ తప్పింది, గొట్టం మళ్ళీ ఎర్రబడింది. ఆవిడ నా వైపు మెడ చాచింది. చేతులు ఖాళీ లేవు. హ్యాండ్‌సెట్టు ఆవిడ నోటి దగ్గర పెట్టి మీట నేను నొక్కాను. తీగ పొట్టిది. బండిని ఆనుకుని నిలబడాల్సి వచ్చింది.

"ఆదీ," అంది. మూడేళ్ళ తర్వాత మొదటి మాట. "పాత షెడ్డు కాదు, మీ బోరు షెడ్డు. దాన్ని ఎడం చేతికి పెట్టుకో. అక్కణ్ణుంచి నాలుగు స్తంభాలు తాకి వదులు. ఐదోది ఉండదు. అక్కడ తిప్పమను. మా మీద కోపం ఉంటే ఉండనీ, నాలుగు లెక్కబెట్టు."

ఆ చేట గాలికి ఒక పత్తి పింజ నేల మీంచి లేచింది. తలుపు దాటి పోవాల్సింది గొట్టం వైపు తిరిగింది. నా రెండు చేతులూ సెట్టుకే సరిపోయాయి. కాలు అడ్డం పెట్టాను. పింజ ఆగింది. పిక్క గొట్టానికి అంటుకుంది. కేక వెయ్యడానికి లేదు, మీట నొక్కి ఉంది. సెట్టులో అరిస్తే హవల్దారు దాన్ని కూడా నా జోకే అనుకునేవాడు.

తర్వాత ఏమీ వినపడలేదు. బండి కొట్టుకుంటోంది. చేట విసురు. కోటేశ్వరమ్మ పెదాలు కదులుతున్నాయి, స్తంభాలు ఆవిడా లెక్కపెడుతోంది. ఒకటి అన్నాక చాలాసేపు. రెండు. మూడు. నాలుగు దగ్గర ఆవిడ ఊపిరి బిగబట్టింది, చెయ్యి మాత్రం ఆపలేదు.

సెట్టు గరగరలాడింది. "వస్తన్నా అక్కా."

ఓవర్ అనలేదు. నేనూ అడగలేదు.

పడవ మెరక అంచుకు తగిలాక బండి ఆపాను. ఒక్కసారిగా నిశ్శబ్దం. చల్లబడుతున్న గొట్టం టిక్కు టిక్కుమంటోంది. ఆదిలక్ష్మి నెత్తిన మూటతో వచ్చి గడప బయట ఆగింది. వానలోనే నిలబడింది. వెనక హవల్దారు, జనం. ఎవరూ ఆమెను దాటి రాలేదు. కోటేశ్వరమ్మ చేట ఇంకా వదల్లేదు.

ఆదిలక్ష్మి ముక్కు ఎగబీల్చి దగ్గింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "మిరపకాయలు ఎవరు కాల్చారు ఇక్కడ?"

కోటేశ్వరమ్మ కళ్ళు అంతకుముందే ఎర్రగా ఉన్నాయి. చేటతో నన్ను చూపించింది. "మిలిటరీ ఆయన. దిష్టి తీశాడు."

"ఎవరికి?"

"లోపలికొచ్చి అడుగు."

ఆమె వంగి గడపకు దణ్ణం పెట్టి లోపలికి వచ్చింది. ఇద్దరూ కావలించుకోలేదు. పత్తి కుప్ప మీద చెరో చివర కూర్చున్నారు. కాసేపటికి ఆకు సంగతి మొదలైంది. పొద్దుపోయేదాకా అయిపోలేదు.

నాలుగో రోజున వెనక్కి తిరిగాం. ఆజ్ఞ లేకుండా సెట్టు వాడినందుకు హవల్దారు నన్ను ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు లారీలో ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. ఏమిటంటే, "గట్లన్నీ నీళ్ళలో ఉంటే ఒట్టు ఎక్కడ పెడుతుంది పాపం," అన్నాడు. నేను హిందీలో చెప్పి మూడు రోజులైంది. ఆయనకూ టైమింగు లేటే. బండి టైమింగు మాత్రం వర్క్‌షాపులో టీ చల్లారేలోపు సరిచేశారు. ఆ తర్వాత ఎన్ని గంటలు నిలబెట్టినా దాని గొట్టం ఎర్రబడలేదు.

సరిహద్దు చూశాను, మంచు చూశాను. టీకొట్టులో ఎవరైనా మిలిటరీ అంటే ఏం గుర్తొస్తుందని అడిగితే మాత్రం నాకు అవేవీ రావు. చీకటి బ్యారన్. ఎర్రగా కాలిన గొట్టం. ఆ వెలుగు మీద పడి తెల్లటి పత్తంతా కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లా ఎర్రగా కనపడటం. ఆ ఎరుపుకు వీపు పెట్టి, ఈ ఎరుపుకు మొహం పెట్టి, చేట విసురుతున్న మనిషి.

పట్టాళం నుంచి ఇంటికొచ్చిన ఏడు, మిరప కోతలప్పుడు, బండి మీద అటు వెళ్ళాను. బ్యారన్ అలాగే ఉంది. కంచె స్తంభాలు పీకి బ్యారన్ గోడకు ఆనించి ఉన్నాయి. పక్కపక్క కల్లాల్లో ఇద్దరూ కాయలు తిరగేస్తున్నారు, ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. నన్ను గుర్తుపట్టి మంచినీళ్ళిచ్చారు. నేను లుంగీ ఎత్తి మచ్చ చూపించి, మీ ఇద్దర్నీ కలపడానికి ఒళ్ళు కాల్చుకున్నాను, తీరా చూస్తే ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారా, అన్నాను.

కోటేశ్వరమ్మ కాయలు తిరగేస్తూనే, తల ఎత్తకుండా అంది:

"పోట్లాడుకోకపోతే ఎట్టా అబ్బాయ్. పరిగెత్తే బండికి గొట్టం కాలదు, నిలబెడితేనే తంటా అని నువ్వేగా చెప్పింది."